ఒంటి పెట్టకు ఈడూ జోడూ

కోడిని చూడ్డం తెలిసినవాళ్లం మనం. సంక్రాంతికి భీమవరం వైపు బరి దగ్గర నిలబడ్డ ముసలాయన ఎవరైనా సరే, అంత దూరం నుంచే ఈక చూసి ఇది డేగ, అది కాకి, మెడ మీద నలుపూ తెలుపూ సమంగా ఉన్నది పర్ల అని తేల్చేస్తాడు. నలుపూ ఎరుపూ పసుపూ కలిస్తే కౌజు. ఎరుపులోకి బూడిద దిగితే మైల. ఒక్కో ఈకలోనే మూడు రంగులు పలికితే పూల. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందని కుక్కుటశాస్త్రం చెప్పే లెక్కల్ని నేను నమ్మను గానీ, ఆ పేర్ల వెనకున్న చూపుకు మాత్రం చేతులెత్తి దండం పెడతాను. బాధల్లా ఒకటే. ఆ చూపంతా పుంజుకే ఖర్చయిపోయింది. కోడిలో వీరం తప్ప ఇంకో రసం ఉందని మనకు తోచలేదు. పెట్ట దగ్గరికొచ్చేసరికి గుడ్డు పెడుతుందా, పొదుగుతుందా అని రెండు ప్రశ్నలడిగి ఊరుకున్నాం.

అందుకే దొడ్లో ఒక్క పెట్ట మిగిలిపోతే, దానికి తోడు తేవాలనుకునేవాళ్లెవరూ రూపం ఊసెత్తరు. సంతలో చవగ్గా దొరికినదేదో తెచ్చి వదిలేయమంటారు. నా పేచీ అక్కడే. ఏ కోడి అందంగా ఉంటుందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఉన్న పెట్ట పక్కన నిలబడి, దానికీ తనకూ కూడా అందం తేగలిగినది ఏదన్నదే లెక్క. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చుని క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. పెరటికి కూడా ప్రాణం అదే.

ముందు ఒంటి పెట్ట మేసే తీరు చూడండి. మందలో ఉన్న కోళ్లు వంతులు వేసుకున్నట్టు తలలెత్తుతాయి. ఒకటి గింజల మీద ఉంటే ఇంకొకటి ఆకాశం మీద ఓ కన్నేసి ఉంచుతుంది. ముంగిసో బావురుపిల్లో మిగతావాటిని ఎత్తుకుపోయాక మిగిలిన నాటుపెట్టకు ఆ కాపలా కూడా తన నెత్తినే పడుతుంది. నూకగింజ పొడవబోయి మధ్యలో ఆగుతుంది. మెడ ఒక పక్కకు ఒరిగించి, ఒంటికన్నుతో పైకి చూస్తుంది. గద్ద లేదని రూఢి చేసుకున్నాక గానీ ముక్కు కిందికి దిగదు. దుమ్ములో గొయ్యి తవ్వుకుంటుంది, పొర్లబోతుంది, సగంలో లేచి నిలబడుతుంది. మనిషి కనబడితే కాళ్లకడ్డం పడుతుంది. నీళ్ల గిన్నెలో తన బొమ్మ కనిపిస్తే అక్కడే తచ్చాడుతుంది. కాలు కెలుకుతున్నా మనసు మేత మీద లేదని చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

నార్వే దేశస్థుడు థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బే చిన్నతనం నుంచే కోళ్లను గమనిస్తూ పెరిగి, 1921లో వాటి పొడుపు వరసను శాస్త్రంలోకి తెచ్చాడు. ఎవరు ఎవర్ని పొడవచ్చు, గింజల దగ్గర ఎవరు ఎవరికి తప్పుకోవాలి, వాసం మీద పై చోటు ఎవరిది: ప్రతి కోడికీ ఇదంతా కంఠతా వచ్చి ఉంటుంది. ఒంటి పెట్టను పొడిచేవాళ్లు లేరు కదా, హాయిగా ఉంటుందనుకుంటాం. తన చోటు ఎక్కడో చెప్పేవాళ్లు కూడా లేరు దానికి.

తోడుగా బాంటమ్ జాతే ఎందుకంటే, చిన్న పెరడు, తక్కువ మేత అని లోకం చెబుతుంది. జావా దీవిలోని బాంటెన్ రేవులో ఐరోపా నావికులు కొనుక్కున్న పొట్టి కోళ్ల నుంచి ఆ పేరొచ్చింది. మన నాటుపెట్ట కిలో పావు, కిలోన్నర తూగితే, బాంటమ్ పెట్ట అందులో సగానికి అటూ ఇటూ ఉంటుంది. నన్ను పట్టేది ఆ తేడాయే. ఒకే పొడవున్న రెండు కోళ్లు పక్కపక్కన నడిస్తే అది మంద. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే కంటికి ఓ లయ దొరుకుతుంది. కాకపోతే ఆ లయ నిలవాలంటే పొట్టిదానికి బెదురు ఉండకూడదు, పొగరూ ఉండకూడదు. కోడి విషయంలో ఆ స్వభావం దాని ఒంటి గీతలోనే రాసి ఉంటుంది. (మీ దగ్గరున్నది పందెపు జాతి అసీల్ పెట్ట అయితే ఈ మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. దాని పక్కన అరకిలో కోడిని నిలబెట్టడం పాపం.)

అందగత్తెల్లో మొదట చెప్పవలసిన పేరు సెబ్రైట్. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ నుంచి పార్లమెంటుకు వెళ్లిన సర్ జాన్ సాండర్స్ సెబ్రైట్ (1767–1846) ఏళ్లూ పూళ్లూ కూర్చుని కట్టిన జాతి ఇది. పశువుల జాతుల్ని మెరుగుపరిచే విద్య మీద 1809లో ఆయన అచ్చువేసిన చిన్న పుస్తకాన్ని డార్విన్ శ్రద్ధగా చదువుకున్నాడు. ఆ మనిషి పట్టుదల ఎలాంటిదో తెలియాలంటే రాలిన ఈక ఒకటి తీసి వేళ్ల మధ్య పట్టుకుంటే చాలు. బంగారు రంగు నేల. దాని అంచు చుట్టూ నల్లటి గీత. ఈ మొదట్లో బయల్దేరి, కొస చుట్టి, ఆ మొదటికి చేరేదాకా ఎక్కడా లావెక్కదు, ఎక్కడా పలచబడదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాడు కసిం నలుపుతో గీసే గీతకు ఉండే ఊపిరి బిగింపే ఇందులోనూ ఉంది. వెలుతురుకు తిప్పితే ఆ నలుపులో ఆకుపచ్చ పొర లేస్తుంది. ఇప్పుడు పక్షి వైపు చూడండి. మెడ దగ్గర చిన్న ఈకలు, రొమ్ము దగ్గర వెడల్పు ఈకలు, తోకకు చేరేసరికి పొడుగు ఈకలు. ప్రతిదానికీ అదే అంచు, అదే కొలత. పక్షి ఊపిరి తీస్తే గీతలన్నీ ఒకసారి విచ్చుకుని మళ్లీ సర్దుకుంటాయి.

ఇంకో విడ్డూరం ఉంది దీనిలో. సెబ్రైట్ పుంజుకు పుంజు ఈకలు రావు. మెడ మీద జారే సన్నపాటి ఈకలు లేవు, కొడవలి తోక లేదు. ఆపాదమస్తకం పెట్ట అలంకారమే. అమెరికన్ జన్యుశాస్త్రవేత్త థామస్ హంట్ మోర్గన్ ఈ పుంజుల వృషణాలు తీసేసి చూస్తే, అప్పుడొచ్చాయి వాటికి పుంజు ఈకలు! చర్మంలో ఒక ఎంజైమ్ మగ హార్మోనును ఆడ హార్మోనుగా మార్చేయడమే దీనికి కారణమని తర్వాత తేలింది. కారణం ఏదైతేనేం, పెట్ట ఈకల్లో పుంజు నడక చూడ్డం ఓ అనుభవం. కూచిపూడి సత్యభామ వేషంలో వేదాంతం సత్యనారాయణ శర్మగారిని చూసినవాళ్లకు దాని రుచి వేరే చెప్పనక్కర్లేదు.

అయినా ఒంటి పెట్టకు సెబ్రైట్‌ను నేను తేను. దాని ఒళ్లంతా బిగువు. రొమ్ము ముందుకు, రెక్కలు కిందికి వాల్చి, ఎప్పుడు ఎగిరిపోదామా అన్నట్టు నిలబడుతుంది, ఎగిరిపోతుంది కూడా. కింద నాటుపెట్ట మట్టి కెలుకుతుంటే ఇది గోడ మీద కూర్చుని వీధి చూస్తుంది. పైగా పిల్లల్ని సాకడం కష్టం, మారెక్స్ జబ్బుకు తొందరగా లొంగుతుందన్న పేరు. తోడు కావలసినవాళ్లకు ప్రదర్శన ఎందుకు?

జపాన్ వాళ్ల చాబో సంగతి వేరు. తోక నిట్టనిలువుగా లేచి తల వెనక ప్రభలా నిలబడుతుంది. కాళ్లు ఉన్నాయా అన్నంత పొట్టి. నడుస్తుంటే నేల మీద తేలుతున్నట్టుంటుంది. 1941లో ఆ దేశం దీన్ని ప్రకృతి స్మారకంగా ప్రకటించింది. కోడిని అంత గౌరవంగా చూసే కన్ను అక్కడ కొత్తది కాదు. క్యోటోలో నిషికి బజారు కూరగాయల టోకు వర్తకుల ఇంట పుట్టిన ఇతో జకుచు (1716–1800) పెరటినిండా కోళ్లను పెంచి, ఏళ్ల తరబడి వాటిని చూసి చూసి బొమ్మలు వేశాడు. జీవరాశి మీద ఆయన వేసిన ముప్పై పట్టు చిత్రాల వరసలో కోళ్లు మళ్లీ మళ్లీ వస్తాయి. జుట్టు మీది గరుకు చుక్కలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. కానీ చాబో పొట్టికాళ్ల వెనక ఓ చేదు లెక్క ఉంది. ఆ కాళ్లనిచ్చే జన్యువు ఒక్క పక్క నుంచి వస్తే పొట్టికాళ్లు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తే పిండం గుడ్డులోనే చచ్చిపోతుంది. పొట్టికాళ్ల జంట పెట్టిన గుడ్లలో నాలుగో వంతు అలా పోవలసిందే. ఇది తెలిశాక ఆ నడక చూస్తుంటే ముచ్చటలోకి కరుణ చొరబడుతుంది. రసవిమర్శకుడికి అది అభ్యంతరం కాకపోవచ్చు. పెంచేవాడికి మాత్రం అభ్యంతరమే. మన వానాకాలపు బురదలో ఆ రెక్కల కొసలు, పొట్ట ఈకలు ఏమైపోతాయో చెప్పనే అక్కర్లేదు.

ఇక సిల్కీ. హైదరాబాద్‌లో రంగురంగుల కోళ్లు అమ్మేవాళ్ల దగ్గర పిల్లలు ముందు చెయ్యిపెట్టేది దీని మీదే. మామూలు ఈకలో పాయకూ పాయకూ మధ్య కంటికానని కొక్కేలుంటాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకోబట్టే ఈక రేకులా నిలుస్తుంది, వాన నీళ్లు జారిపోతాయి. సిల్కీకి ఆ కొక్కేలు పట్టవు. అందుకే ఒళ్లంతా నూగు. చైనాలో పిల్లి బొచ్చులాంటి బొచ్చున్న కోళ్ల గురించి మార్కో పోలో రాసింది వీటి గురించేనంటారు. ఆ తెల్ల నూగును విడదీసి చూస్తే లోపల కారునలుపు చర్మం! కాలికి ఐదు వేళ్లు, చెవి తమ్మె నీలం. మన దగ్గర బాగా గిరాకీ ఉన్న కడక్‌నాథ్ నలుపుకూ, ఈ నలుపుకూ మూలం ఒకటే జన్యుమార్పు. అద్భుతం అనే రసానికి ఉదాహరణ ఇమ్మంటే సిల్కీని చంకనెత్తుకుని వెళతాను. అయితే తలమీది కుచ్చు కళ్లకు అడ్డం. పక్కనుంచి వచ్చే ముక్కు దానికి కనపడదు. నాటుపెట్టకేమో ఆ కుచ్చు కనబడితే లాగి చూడాలనిపిస్తుంది. ఎగరలేదు కాబట్టి తప్పించుకోలేదు, తడిస్తే ఆరదు. వానలు తక్కువ పడే ఊళ్లో, సాధు పెట్ట పక్కకైతే సిల్కీని తెచ్చుకున్నవాళ్లను తప్పుపట్టను.

మలేసియాలోని కెలంతాన్ వాళ్ల సెరామా అరకిలో కూడా తూగదు. రొమ్ము ఎంత ఎత్తి నిలబడుతుందంటే తల వెనక్కి వెళ్లి తోకకు ఆనుతుంది. బల్ల మీద నిలబెట్టి పోటీలు పెడతారు. మహా నటుడు, నటుడితో కాపురం కష్టం. బ్రస్సెల్స్ పక్కన ఉక్ల్‌లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తయారైన గడ్డం బాంటమ్‌లు ఇంకా మంచివి, మాలిమి కోళ్లు. వాటిలో మిల్ ఫ్లూర్ రంగుదాన్ని మన పందెగాడికి చూపిస్తే క్షణం తటపటాయించకుండా ‘పూల’ అంటాడు: ఎర్రబంగారపు ఈక, కొసకు నల్లచుక్క, ఆ చుక్క మీద తెల్లచుక్క. ఇది దొరికితే వదలకండి. కానీ నా ఓటు దీనికీ కాదు.

నా ఓటు పెకిన్‌కు. 1860లో ఆంగ్లేయ, ఫ్రెంచి సేనలు బీజింగ్‌లో చక్రవర్తి వేసవి ప్రాసాదాన్ని కొల్లగొట్టినప్పుడు ఈ కోళ్లు కూడా ఇంగ్లండు చేరాయని పెంపకందార్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ కొల్లసొమ్ములో ఒక చిన్న కుక్క కూడా ఉంది. దాన్ని విక్టోరియా రాణికి బహూకరిస్తే, సిగ్గు లేకుండా ‘లూటీ’ అనే పేరు పెట్టుకున్నారు. కోడి కథ ఎంతవరకు నిజమో గానీ, ఆ కుక్క కథ మాత్రం చరిత్రే. మన బజార్లో పెకిన్‌ను కొచ్చిన్ బాంటమ్ అని అమ్ముతారు. పేరు చూసి కేరళ కోడి అనుకోకండి, దాని పుట్టిల్లు చైనా.

పెకిన్ ఒంట్లో కోణం అనేది లేదు. మెడ నుంచి వీపు, వీపు నుంచి తోక, తోక నుంచి పొట్ట, అంతా ఒకే వంపు. చేత్తో గీస్తే కలం ఎత్తాల్సిన పనిలేదు. తోక అని వేరే చెప్పుకునేది ఏమీ లేదు, మెత్తటి ఈకల గుత్తి అంతే. ఆ గుత్తి తలకన్నా పిసరంత ఎత్తులో ఉంటుంది. అంటే పక్షి మొత్తం ముందుకు వాలి ఉంటుంది. ఇంగ్లండు ప్రమాణాల్లో ఈ వాలు తప్పకుండా చూస్తారు. నన్నడిగితే పెకిన్ అందమంతా ఆ కాస్త వాలులోనే ఉంది. ఎదుటివాళ్ల మాట వినడానికి కొంచెం ముందుకు వంగిన ముఖం అది. సెబ్రైట్ వెనక్కి బిగుసుకుని చూపించుకుంటుంది, సెరామా వెనక్కి విరుచుకుని పాడుతుంది. పెకిన్ మాత్రం వింటుంది.

కాళ్లు కనబడవు. గోళ్ల దాకా ఈకలే. నడుస్తుంటే అడుగు ఎక్కడ పడిందో తెలియదు. పావడా అంచు మాత్రం అటు ఒకసారి, ఇటు ఒకసారి ఊగుతుంది. ఈ మెత్తదనమంతటిలో గట్టి గీత ఒక్కటే, నెత్తిమీద పళ్లు పళ్లుగా చిన్న ఎర్రటి జుట్టు. దానివల్ల మిగతా గుండ్రదనం కంటికి మరింత గుండ్రంగా ఆనుతుంది. ప్రమాణం ప్రకారం పెట్ట బరువు 570 గ్రాములు. చూస్తే కిలో ఉంటుందనిపిస్తుంది. చేతుల్లోకి తీసుకున్నప్పుడు తెలుస్తుంది, అందులో సగం ఈకా గాలీ అని.

ఇప్పుడు పక్కన నాటుపెట్టను పెట్టి చూడండి. పొడుగుకాళ్లు, నిక్కిన మెడ, ఒంటికి అతుక్కున్న ఈకలు, అన్నీ గీతలే. గీత పక్కన గుండ్రం వచ్చేసరికి నాటుపెట్ట నిలువు మరింత నిటారుగా కనిపిస్తుంది. ఇన్నాళ్లూ మన కంటికి ఆనని దాని సన్నపాటి మెడ వంపు బయటపడుతుంది. సెబ్రైట్ పక్కన అదే పెట్ట పల్లెటూరి పేదరాలిలా కనిపించేది. ఔచిత్యం అని నేను అన్నది ఇదే. మంచి తోడు వచ్చాక పాతదాని అందం పెరగాలి.

స్వభావం కూడా ఆ ఆకారం చెప్పినట్టే ఉంటుంది. పెకిన్ పరుగెత్తదు, ఎగరదు. పొడిస్తే రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ తన గింజ తను ఏరుకుంటుంది. కోడికి తరమాలనిపించేది పారిపోయేదాన్ని చూసినప్పుడే. కదలనిదాన్ని ఎంతసేపని తరుముతుంది! లోపాలు లేకపోలేదు. గుడ్ల కోసం పెకిన్ తెచ్చుకునేవాడు అమాయకుడు. గుడ్డు చిన్నది, అదీ వాయిదాల మీద. మాటిమాటికీ పొదుగుకు కూర్చుంటుంది. కాలి ఈకలు తడిసి మురికిపడితే పొలుసుల కింద పురుగు చేరుతుంది, అందుకని వానల్లో గూట్లో పొడి ఊక మారుస్తూ ఉండాలి.

తెచ్చేటప్పుడు ఒకటి తేవద్దు, రెండు తేవాలి. ఒకటే వస్తే నాటుపెట్ట దృష్టంతా దాని మీదే పడుతుంది. రేపు ఆ ఒక్కటీ పోతే కథ మళ్లీ మొదటికొస్తుంది. కొత్తవాటికి కొక్కెర తెగులు టీకా పడిందో లేదో అడిగి, మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, రెట్టా ముక్కూ శుభ్రంగా ఉన్నాయని చూసుకున్నాకే పెరట్లోకి తేవాలి. అప్పుడు కూడా మధ్యలో వలతో ఒక దడి కట్టాలి.

ఆ దడి రోజుల్ని పని తొందరలో పోగొట్టుకోకండి. అసలు రసమంతా అక్కడుంది. మొదట నాటుపెట్ట దడి వెంట అటూ ఇటూ పచార్లు చేస్తుంది, మెడ ఈకలు విప్పి చూపిస్తుంది, వలను పొడుస్తుంది. అవతల రెండు గుండ్రాలు పట్టించుకోకుండా మట్టి కెలుకుతుంటాయి. ఎండ ఎక్కాక వాటిలో ఒకటి గొయ్యిలోకి దిగి దుమ్ము స్నానం మొదలెడుతుంది. పక్కకు ఒరిగి, ఒక రెక్క విప్పి, కాలితో దుమ్ము వీపు మీదికి చిమ్ముకుని, ఈకలన్నీ నిక్కబొడిచి దులుపుతుంది. కోళ్లలో ఇది ఒకదాన్ని చూసి ఒకటి అందుకునే పని. ఇవతల నాటుపెట్ట కాసేపు నిలబడి చూస్తుంది. నేలను రెండుసార్లు గీకుతుంది. కూర్చుంటుంది. రోజూ సగంలో లేచిపోయే పెట్ట ఈసారి మెడ కూడా నేలకానించి, కన్ను మీదికి ఆ తెల్లటి పొర లాక్కుని, పూర్తిగా పొర్లుతుంది. ఆకాశం వైపు చూసే కాపలా పనిని దడికి అవతలివాళ్లకు వదిలేసింది.

దడి తీశాక పొడుపులు ఉంటాయి, ఉండాలి కూడా. వరస తేలేదాకా కోళ్లకు మనశ్శాంతి లేదు. మేత గిన్నెలు రెండు పెట్టండి, దూరదూరంగా. నాటుపెట్ట వాసం ఎక్కుతుంది కాబట్టి పెకిన్లకు అడుగెత్తులో ఓ చెక్క వేయండి. రక్తం కనబడితే మాత్రం వెంటనే విడదీసి, దడి దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

మిగిలింది రంగు. మీ పెట్ట డేగ రంగుదైతే పసుపుపచ్చ పెకిన్ వద్దు. రెండూ కలిసిపోయి ఏదీ తేలదు. నలుపును పలచబరిచే జన్యువు ఇచ్చిన లావెండర్ రంగుది ఒకటి, పచ్చ మెరుపున్న నల్లది ఒకటి తెస్తే ఎరుపు మధ్యలో వెలుగుతుంది. మీది కాకి పెట్ట అయితే నలుపూ తెలుపూ అడ్డచారలున్నది వెతకండి. తెల్ల పెకిన్ ఫొటోలో దివ్యంగా ఉంటుంది. గోదావరి ఒండ్రు మట్టిలో జూలై దాటేసరికి అది ఏ రంగని కొన్నదో కొన్నవాడికే గుర్తుండదు.